ఉడుతపిల్లకు పొలమారితే

అన్నం తింటూ కబుర్లు చెప్పేవాళ్ళకి పొలమారడం మామూలే. ఠకీమని దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు. పక్కనున్న అత్తగారో, అమ్మో గబగబా నెత్తిమీద నాలుగు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారే!" అంటారు. పొలమారిన మనిషి దగ్గుతూనే ఆ తలుచుకున్నదెవరా అని లెక్కలు వేసుకుంటుంది. పుట్టింటివాళ్ళేమోనని ఒకావిడకు ఆశ, కేంపుకెళ్ళిన ఆయనేమోనని ఇంకొకావిడకు సిగ్గు. గొంతులో దారి తప్పిన మెతుక్కి కూడా ఓ బంధువుని వెతికిపెట్టిన జాతి మనది!

ఈ పొలమారడానికి ఒక చరిత్ర ఉంది. అందులో రాజులూ యుద్ధాలూ ఉండవు. ఒక పదిహేనేళ్ళ పిల్ల, పారిస్ నగరంలో కోడిగుడ్లు పొదిగే పెట్టె, న్యూయార్కులోని ఒక పురిటాసుపత్రి, మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఉంటాయి. ఇదంతా తీరిగ్గా చెప్పుకోవాలంటే మన పెరట్లో జామచెట్టు మీంచి రాలిపడ్డ ఉడుతపిల్ల దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకంటే, పొలమారితే మనం దగ్గి ఊరుకుంటాం గాని, దానికి అది ప్రాణం మీదికొస్తుంది.

ఉడుత మనకు పరాయిది కాదు. చేతనైనంత సాయం చేస్తే దానికి "ఉడుతాభక్తి" అని పేరు పెట్టుకున్నాం. సేతువు కట్టేటప్పుడు ఉడుత ఇసకలో పొర్లి, ఆ ఇసకను రాళ్ళమధ్య దులిపిందనీ, రాముడు మురిసిపోయి వీపు నిమిరాడనీ, ఆ వేళ్ళ గుర్తులే చారలనీ చిన్నప్పుడు వినని వాళ్ళుండరు. తమాషా ఏమిటంటే ఈ కథ వాల్మీకంలో లేదు. పదమూడో శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో చెప్పిన రంగనాథ రామాయణంలో ఉంది. అంతకంటే ముందే తమిళదేశంలో తొండరడిప్పొడి ఆళ్వారు తన తిరుమాలైలో ఈ ఉడుతల్ని తలుచుకున్నారు. అంటే ఇది దక్షిణాది వాళ్ళం మనసుపడి చేర్చుకున్న ముచ్చట. పడమటి శాస్త్రజ్ఞులకు మన ఉడుత ఆలస్యంగా తెలిసింది. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1766లో దానికి లాటిన్ పేరు పెట్టాడు. ఆ పేరులో తాటిచెట్టు ఉంది. మన వైపు ఉడుతకు మూడు చారలు. ఉత్తరాది ఊళ్ళలో తిరిగేదానికి అయిదు. అక్కడ రాముడు అయిదు వేళ్ళతోనూ నిమిరాడు కాబోలు!

ఉడుతని ముద్దుచేసే సరదా మన ఒక్కళ్ళకే ఉందనుకోకండి. సుమారు 1526-28 మధ్య హాల్బైన్ అనే చిత్రకారుడు ఇంగ్లండులో ఒక దొరసాని బొమ్మ వేశాడు. ఆవిడ చేతిలో ఉడుత, దాని మెడకో గొలుసు. 1765లో అమెరికాలో కోప్లీ తన తమ్ముణ్ణి బొమ్మగా వేస్తే, ఆ అబ్బాయి చేతిలోనూ బంగారు గొలుసు కట్టిన ఎగిరే ఉడుతే. ఆకాశంలో మెరుపుని పట్టుకున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండనులో ఉన్న రోజుల్లో, ఆయన భార్య డెబొరా ఫిలడెల్ఫియా నుంచి ఓడ మీద ఉడుతల్ని పంపింది. అందులో ఒకటి, ముంగో అని పేరు, షిప్లీ అనే బిషప్పుగారి కూతుళ్ళ దగ్గర పెరిగింది. 1772లో అది పంజరం దాటి బయటికెళ్ళి కుక్క నోట పడింది. ఫ్రాంక్లిన్ అంతటివాడు పని మానుకుని ఆ చిన్నపిల్ల జార్జియానాకి ఓదార్పు ఉత్తరం రాసి, ఉడుత సమాధి మీద చెక్కడానికి మాటలు కూడా కూర్చి పంపాడు.

కాని ఇవన్నీ పెద్ద ఉడుతలు. పొలమారే బాధ కళ్ళు తెరవని కూనలది.

ఉడుత ఒక ఈతలో సాధారణంగా రెండో మూడో పిల్లల్ని పెడుతుంది. పుట్టినప్పుడు వాటికి బొచ్చుండదు, కళ్ళు తెరుచుకోవు, ఎర్రగా వేలెడంత ఉంటాయి. కొబ్బరిపీచు, దూది, మనం ఆరేసిన బట్టల్లోంచి లాక్కుపోయిన నూలుపోగులు - వీటితో చూరులోనో, కరెంటు మీటరు పెట్టె వెనకో, చెట్టుకొమ్మల మధ్యో గూడు కడుతుంది. గాలివానకు గూడు చెదురుతుంది. పండక్కి ఇల్లు దులిపితే రాలుతుంది. కొబ్బరిమట్ట కొట్టిస్తే దానితోబాటు కిందికొస్తుంది. పిల్లలు దోసిట్లో పెట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఇంట్లో ఇల్లాలి నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "అయ్యో పాపం, కాసిని పాలు పట్టండే!"

ఒకప్పుడు చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇంకుఫిల్లరు ఉండేది. దాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, ఆవుపాలు పోసి, పిల్లని వెల్లకిలా పట్టుకుని నోట్లో చుక్కలు వేసేవారు. అది ఆత్రంగా తాగుతుంటే చూసినవాళ్ళకి కడుపు నిండేది. మొదటిరోజు బాగానే ఉంటుంది. రెండోరోజు తాగేటప్పుడు ముక్కులోంచి ఓ పాలబుడగ వస్తుంది. "పొలమారింది పాపం" అని పమిటకొంగుతో తుడుస్తారు. మూడోరోజు చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు. పాలు వద్దంటుంది. డొక్కలు ఎగరేస్తుంది. ఇక నోరు తెరిచి గాలి కోసం గుటకలు వేసిందంటే ప్రమాదం ముదిరినట్టే. తెల్లారేసరికి అట్టపెట్టెలో చల్లగా పడి ఉంటుంది. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్ళు, "మనిషి చెయ్యి తగిలితే ఉడుతపిల్ల బతకదమ్మా" అని సర్దిచెబుతారు.

పాపం ఆ చెయ్యి మీద వేసిన నింద నిజం కాదు. దాని ప్రాణం తీసింది దారి తప్పిన పాలచుక్క.

గొంతులో రెండు దారులున్నాయి. ఒకటి కడుపులోకి, ఒకటి ఊపిరితిత్తుల్లోకి. మింగినప్పుడల్లా ఊపిరి దారి మీద ఓ చిన్న మూత వాలుతుంది. మూత వాలేలోపల మెతుకు జారితే అదే పొలమారడం. మనకు దగ్గు ఉంది గనుక దాన్ని బయటికి తోసేస్తుంది. కళ్ళు తెరవని కూనకి అంత బలంగా దగ్గే శక్తి ఎక్కడిది? పైగా లెక్క చూడండి. ఇంకుఫిల్లరు చుక్కలు సుమారు 20 వేస్తే ఒక మిల్లీలీటరు అవుతుంది. 10 గ్రాముల ఉడుతపిల్ల అనుకుంటే, ఒక్క చుక్క దాని బరువులో 200వ వంతు. 50 కిలోల మనిషికి ఆ లెక్కన పావులీటరు! పావులీటరు పాలు మన ముక్కులో గుమ్మరించి "తాగమ్మా, తాగు" అని బుజ్జగిస్తే ఎలా ఉంటుంది? ఊపిరితిత్తుల్లోకి పోయిన పాలలో కొవ్వు, చక్కెర ఉంటాయి. అక్కడ వాపు పుడుతుంది, సూక్ష్మజీవులు చేరి పండగ చేసుకుంటాయి. అదే న్యుమోనియా. అందుకే చుక్క పడిన రోజున కాక, రెండుమూడు రోజులకి పిల్ల పోతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఆ రెండ్రోజులు ఉండబట్టే, తప్పు ఫిల్లరుదని ఎవరికీ తోచదు.

ఈ సంగతి మనుషుల విషయంలోనే తెలుసుకోవడానికి ఎంతకాలం పట్టిందో చూడండి.

1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకి కాలి బొటనవేలి గోరు తీయాల్సి వచ్చింది. క్లోరోఫారం వాడుకలోకి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఆ మందు పీల్పించారు. పని కావడం రెండు నిమిషాల ముచ్చట. ఇంతలో పిల్ల మొహం పాలిపోయింది. డాక్టరు కంగారుపడి నోట్లో నీళ్ళు పోశాడు, తరవాత బ్రాందీ పోశాడు. పిల్ల కన్నుమూసింది. క్లోరోఫారం వల్లనే పోయిందని విచారణలో తేల్చారు. కాని ఆ మందుని పురుళ్ళలోకి తెచ్చిన ఎడింబరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ ఒప్పుకోలేదు. స్పృహలేని పిల్ల నోట్లో నీళ్ళూ బ్రాందీ పోస్తే అవి ఎటు పోతాయి, ఊపిరాడక పోయిందన్నాడు. ఆ వాదం చాలాకాలం నడిచింది. మత్తుమందే గుండెను ఆపిందని నమ్మేవాళ్ళు ఇప్పుడు ఎక్కువ. సింప్సన్ తన మందుని కాపాడుకోవాలనే ఆ మాట అని ఉండొచ్చు కూడా. అయినా ఆయన వేసిన ప్రశ్న మాత్రం ప్రశ్నే. మింగే తెలివిలేని ప్రాణి నోట్లో ఏదైనా పొయ్యడం సాయమా, అపాయమా? సొమ్మసిల్లినవాళ్ళ నోట్లో చెంబుతో నీళ్ళు పోసే అలవాటు మనలోనూ ఉంది గదా!

దానికి లెక్కాపత్రంతో జవాబు రావడానికి సుమారు వందేళ్ళు పట్టింది. న్యూయార్కు పురిటాసుపత్రిలో కర్టిస్ మెండెల్‌సన్ అనే డాక్టరు 1932 నుంచి 1945 దాకా జరిగిన 44,016 కాన్పుల కాగితాలు తిరగేశాడు. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన తల్లులు 66 మంది తేలారు. ఇద్దరు చనిపోయారు. ఆయన అక్కడ ఆగకుండా కుందేళ్ళ మీద పరీక్షలు చేసి, కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తుల్ని ఎలా కాలుస్తుందో చూపించి 1946లో ప్రకటించాడు. ఆపరేషనుకి ముందు ఏమీ తినొద్దు, తాగొద్దు అని నర్సులు మన దగ్గర అంత గట్టిగా ఉండటానికి ఆ కాగితాలు ఒక ముఖ్య కారణం. "కాస్త కాఫీ చుక్క పొయ్యనివ్వమ్మా, నీరసంగా ఉంది" అని నర్సుని బతిమాలే తల్లులకి ఈ కథ తెలిస్తే బావుండును.

ఇక పొలమారడానికి ఇంకో తోడుదొంగ ఉంది. చలి. ఒళ్ళు చల్లబడ్డ పసికూన సరిగా మింగలేదు, మింగినా అరగదు. ఇది కనిపెట్టడంలో జంతువులే మనకు గురువులు.

పారిస్‌లో స్తెఫాన్ టార్నియే అనే పురుళ్ళ డాక్టరు ఉండేవాడు. నెల తక్కువ పిల్లలు ఆయన కళ్ళముందే చల్లబడి పోతుండేవారు. 1878 ప్రాంతంలో ఆయన ఊళ్ళోని జంతుశాలకు వెళ్ళాడు. అక్కడ కోడిగుడ్లు పొదిగించే వెచ్చటి పెట్టెలున్నాయి. మరొకరైతే చూసి ముచ్చటపడి ఇంటికొచ్చేవారు. ఆయన మాత్రం ఆ పెట్టెలు చేసిన ఓదీల్ మార్తెన్‌ని పట్టుకుని, ఇలాంటిది నా పిల్లలకోసం చేసిపెట్టమన్నాడు. 1880-81 నాటికి పెట్టె ఆసుపత్రికి వచ్చింది. అడుగున వేణ్ణీళ్ళు, పైన పసివాళ్ళు. రెండు కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్ళలో అంతకుముందు నూటికి 66 మంది పోతుంటే, ఆ తరవాత 38 మందే పోయారు. కోడిపిల్లలకోసం పుట్టిన వెచ్చదనం మనిషి పిల్లల్ని నిలబెట్టింది. ఇవాళ ఉడుతపిల్లల్ని చూసేవాళ్ళు అట్టపెట్టె కింద సగానికి మాత్రం వేణ్ణీళ్ళ సంచీ పెడతారు. వేడెక్కితే పిల్ల రెండో సగంలోకి జరుగుతుంది. చూశారా, అప్పు తీరిపోయింది!

ఆ టార్నియేనే, చప్పరించలేని పసివాళ్ళకి సన్నగొట్టంతో పాలు నేరుగా కడుపులోకి పంపే పద్ధతీ అమలులో పెట్టాడు. అంటే వెచ్చదనం, పాలదారి - రెండూ కలిసే నడవాలని ఆయన గ్రహించాడన్నమాట.

పాలదారి అంటే ఉగ్గుగిన్నె జ్ఞాపకం రాక మానదు. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెకు ఎంత వయసో తెలుసా? జర్మనీలోని బవేరియాలో వేల ఏళ్ళనాటి పసిపిల్లల సమాధుల్లో ముక్కున్న మట్టిగిన్నెలు దొరికాయి. వాటికి అంటుకున్న మడ్డిని పరీక్షిస్తే పశువుల పాలని 2019లో తేలింది. ఆ గిన్నెను కాదని నాజూకు పేరుతో వచ్చిన వస్తువులు చేసిన ఘోరం వేరే. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో సీసాకి పొడుగాటి రబ్బరుగొట్టం తగిలించి, పిల్ల పక్కన పడేసి తల్లి పని చేసుకునేది. ఆ గొట్టం కడగడానికి వీలయ్యేది కాదు. లోపల కుళ్ళు పేరుకుని పిల్లలు రాలిపోతుంటే జనం వాటిని "హంతక సీసాలు" అన్నారు. ఫ్రాన్సు 1910లో చట్టం చేసి నిషేధించింది. మన తమిళ పొరుగువాళ్ళు పాలాడై అనే గిన్నె మటుకు చెక్కుచెదరకుండా నిలిచింది. తక్కువ బరువు పిల్లలకి తల్లిపాలు గిన్నెతోనో, పాలాడైతోనో, చెంచాతోనో పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2011లో చెప్పింది. పిల్ల తాగే వేగాన్ని పిల్లకే వదిలిపెట్టడం ఇందులోని కిటుకు.

ఉడుతపిల్లకీ ఆ కిటుకే ప్రాణం. ఇంకుఫిల్లరు రబ్బరు నొక్కితే ఎన్ని చుక్కలొస్తాయో మన చేతిలో లేదు. ఒక్క మిల్లీలీటరు పట్టే సన్నటి ప్లాస్టిక్ సిరంజి - సూది లేకుండా - అయితే వెంట్రుకవాసి చొప్పున తోయవచ్చు. ఈ వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజికి 1956లో పేటెంటు తీసుకున్న న్యూజీలాండు వాసి కోలిన్ మర్డాక్, మందుల షాపాయనే గాక పశువైద్యుడు కూడా. ఇక్కడా జంతువు చలవే!

మందుల సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ బృందం పెనిసిలిన్‌ని ఎనిమిది ఎలకల మీద పరీక్షించింది. తెల్లారేసరికి మందు ఇచ్చిన నాలుగూ బతికే ఉన్నాయి, ఇవ్వనివి పోయాయి. మూడేళ్ళకి, 1943లో, అదే మందు గినీపందులకు విషమని బయటపడింది. వాటి పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టేస్తుంది మరి. మొదటిరోజు ఎలకలకు బదులు గినీపందుల్ని తీసుకుని ఉంటే ఏమై ఉండేదో! అంచేత, బాబుకి దగ్గొచ్చినప్పుడు మిగిలిన సిరప్ ఉంది గదా అని ఉడుతపిల్లకి రెండు చుక్కలు వెయ్యడం మహా ప్రమాదం. ఊపిరి టిక్కుమంటోందంటే పశువైద్యుడి దగ్గరికే తీసుకెళ్ళాలి. 1980ల్లో జంతువులకోసమే వచ్చిన ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఆయన దగ్గర ఉన్నాయి. పిల్లని గ్రాముల్లో తూచి, మోతాదు ఆయనే కట్టాలి.

ఇలా దిక్కులేని అడవిప్రాణుల్ని చూసే విద్య ఒక పద్ధతిగా ఎదిగింది మొన్నమొన్ననే. మద్రాసులో విమానం నడిపే కెప్టెన్ సుందరంగారు 1959లో బ్లూక్రాస్ స్థాపించారు. ఆయన భార్య ఉషాసుందరం కూడా విమానం నడిపినావిడే. ఇంగ్లండులో లెస్ స్టాకర్ అనే ఆయన 1978లో ముళ్ళపందులకీ ఉడుతలకీ పక్షులకీ ఆసుపత్రి మొదలుపెట్టాడు. హైదరాబాదు బ్లూక్రాస్‌ని అక్కినేని అమల 1992లో నెలకొల్పారు. ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్ళు నేర్చుకున్న పాఠం విచిత్రంగా ఉంటుంది. దయ పుట్టగానే పాలు పట్టకూడదు!

ముందు తల్లికి అవకాశం ఇవ్వాలి. పిల్లకు దెబ్బ తగలకపోతే, ఒళ్ళు వెచ్చగా ఉంటే, ఓ చిన్న బుట్టలో పెట్టి పిల్లీ కాకీ రాకుండా చెట్టు దగ్గర ఉంచి మనం తప్పుకోవాలి. పగటిపూట కొన్ని గంటలు చూడాలి. తల్లి ఉడుత వచ్చి నోటకరుచుకుని పోతుంది. మనం ముట్టుకున్నామని మైలపడినట్టు వదిలెయ్యదు. మడీ ఆచారం మనకేగాని ఉడుతలకు లేవు. తల్లి రాకపోతే, లేక పిల్ల చల్లబడి ఉంటే, ముందు వెచ్చబెట్టాలి. ఒళ్ళు వెచ్చబడ్డాక గోరువెచ్చటి ఓ.ఆర్.ఎస్. నీళ్ళు. ఆ తరవాతే పాలు. అదీ ఆవుపాలు కాదు. ఉడుతపాలలో కొవ్వు బాగా ఎక్కువ, ఆవుపాల చక్కెర దానికి పడక విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లలకోసం అమ్మే పాలపొడి నయం. పట్టేటప్పుడు వెల్లకిలా తిప్పకూడదు. బోర్లా, తల కాస్త ఎత్తుగా పట్టుకుని, పెదవి దగ్గర చుక్క ఉంచితే అదే నాక్కుంటుంది. ముక్కులో బుడగ కనిపిస్తే అక్కడే ఆపి, తల కిందికి వంచి తుడవాలి. "ఇంకొక్క చుక్క" అన్న మురిపెం ఆ పూటకి మానుకోవాలి. మర్నాటికే ఎరిగినవాళ్ళ చేతుల్లో పెట్టాలి. అది గొలుసు కట్టి పెంచుకునే ప్రాణి కాదు.

పిల్ల ఏడిస్తే పాలు, సొమ్మసిల్లితే నీళ్ళు, నీరసిస్తే కాఫీ - మనకు ప్రేమంటే ఏదో ఒకటి నోట్లో పొయ్యడమే. హన్నా గ్రీనర్ డాక్టరుదీ అదే ప్రేమ. ఎవరికి ఎప్పుడు పొయ్యకూడదో తెలుసుకోవడానికి మనుషులకే వందేళ్ళు పట్టింది, ఎన్నో ప్రాణాలు ఖర్చయ్యాయి.

మన రాముడికి ఇది ముందే తెలుసనుకుంటాను. ఇసకలో పొర్లి, నీళ్ళలో నాని, అలిసిపోయి వచ్చిన ఉడుతని ఆయన చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చటి అరచెయ్యి, వీపుమీద మెల్లగా మూడు వేళ్ళు, అంతే. ఆంజనేయుణ్ణి పిలిచి పాలు తెమ్మన్నట్టు మాత్రం ఏ కథలోనూ లేదు!